పీయూష గ్రంథి యెత్తు

కపాలమూలమున, స్ఫీనాయిడ్ ఎముకయందలి చిన్న గుంటలో, ఇరుప్రక్కల కెరోటిడ్ ధమనులును పైని దృక్‌నాడుల కూడలియు నెలకొనియుండగా, సుమారు అరగ్రాము బరువుతో శనగగింజంతగా ఒదిగియుండు పీయూష గ్రంథిని ఎమ్మారై చిత్రమున కొలిచియు, ఆ కొలతను రిపోర్టున వ్రాయక 'పిట్యూటరీ నార్మల్' అని ముగించు అలవాటు మా రేడియాలజిస్టులలో పలువురికి కలదు. అది నాకు సమ్మతము కాదు.

కొలుచు విధానము వినుటకు సులభమే. తలను నట్టనడుమ నిలువుగా కోసి చూపు చిత్రములలో, గ్రంథిని మెదడునకు కలుపు కాడ పైనుండి క్రిందిదాక తెగక కనుపించు దానిని ఎన్నుకొని, గుంట అడుగునకు లంబముగా గ్రంథి పైయంచు వరకు గీత లాగవలెను. అయితే చిత్రమునకు ఆధారమగు కోత మందమే 2, 3 మి.మీ. ఉండును, కొలువవలసిన యెత్తో, ఏ ఆరేడు మిల్లీమీటర్లు! తల ఇసుమంత ఒరిగినను, గీత కొంచెము వాలినను, లేని వృద్ధి ఉన్నట్లును ఉన్న వృద్ధి లేనట్లును తోచును. అందుచేత ముఖమునకు సమాంతరముగా తీసిన కోతయందును కొలిచి, రెండును పొసగినగాని నేను ముందునకు కదలను. మా శిష్యులు దీనిని చాదస్తమందురు, అననిండు.

ఎల్స్టర్ అను అమెరికన్ రేడియాలజిస్టు పేర చెల్లుచున్న లెక్క యొకటి కలదు: గరిష్ఠముగా పిల్లలకు 6, పురుషులకును ముట్లుడిగిన స్త్రీలకును 8, సంతానయోగ్యవయస్సునందలి స్త్రీలకు 10, నిండు గర్భిణులకును బాలెంతలకును 12 మి.మీ. కాబట్టి 9 మి.మీ. యెత్తును, కొంచెము ఉబ్బిన పైయంచును ఇరువదియేండ్ల యువతియందు చూచి నిశ్చింతగా నుండవచ్చును. డెబ్బదియేండ్ల వృద్ధునియందు అవే కనుపించిన, కారణము వెదకక తప్పదు. 

థైరాయిడ్ లోపము ముదిరినవారియందు ఈ గ్రంథి కణితివలె ఉబ్బి, థైరాక్సిన్ మాత్రలతోడనే తగ్గుటయు కలదు; కావున కత్తి పట్టుటకు మున్ను థైరాయిడ్ రక్తపరీక్ష చూడవలెను. మాత్రలు మొదలిడిన పిమ్మట తీసిన రెండవ చిత్రమున గ్రంథి 11 నుండి 7 మి.మీ.కు దిగెనో లేదో తెలియవలెనన్న, మొదటి రిపోర్టున ఆ 11 అను అంకె యుండవలెను గదా!