చెదిరిన రాళ్లలో చెదరని పనితనం

అమరావతి మహాస్తూపం ఇవాళ ఒక్కచోట లేదు. ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకున్న ఆ గుట్టను 18వ శతాబ్దం చివర్లో స్థానిక జమీందారు కట్టడాల కోసం తవ్వారు. కొన్ని రాళ్లు గోడల్లో కలిశాయి, కొన్ని సున్నంగా కాలాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకల్లో చాలా భాగం మద్రాసు మీదుగా 1859లో లండన్‌కు ఓడెక్కింది. మిగిలినవి చెన్నైలోనూ, అమరావతిలోనూ, ఇతర మ్యూజియాల్లోనూ ఉన్నాయి.

ఇంతగా చెదిరినా ఏ ముక్కా అనాథలా అనిపించదు. ఎందుకో తెలియాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోని నలగిరి ఫలకం ముందు కాసేపు నిలబడాలి. స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచెలోని గుండ్రటి శిల్పమది. రాయి పలనాటి సున్నపురాయి. రాజగృహంలో బుద్ధుడి మీదికి నలగిరి అనే మదపుటేనుగును వదిలిన కథను శిల్పి ఆ ఒక్క వలయంలోనే చెప్పాడు. ఎడమవైపు ఏనుగు తొండంతో ఒకణ్ణి పట్టి విసురుతుంటే జనం చెల్లాచెదురవుతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. రెండు ఘట్టాల మధ్య గీత లేదు, చట్రం లేదు. కుడివైపుకి వెళ్లేకొద్దీ అల్లకల్లోలం సద్దుమణుగుతుంది. మేడల కిటికీల్లోంచి తొంగిచూసే మనుషులు వీధికి ఎత్తునిచ్చారు. ముందున్న బొమ్మలను లోతుగా, వెనకవాటిని పలచగా చెక్కడంతో ఇరుకు వీధిలోనూ జనం కిక్కిరిసినట్టుంటుంది. భయంతో వెనక్కి ఒదిగే స్త్రీ, ఆమెను ఆనుకున్న పురుషుడు కథకు అవసరం లేదు. భయం మనదాకా రావడానికి మాత్రం వాళ్లే కావాలి.

స్తూపపు గుమ్మటమైన అండం కింది వేదికకు అమర్చిన పలకలు మరో ఎత్తు. వాటిలో కొన్నింటిపై శిల్పులు చెక్కింది స్తూపాన్నే: కంచె, ద్వారాలు, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు, అర్ధగోళాకారపు అండం, మీద ఛత్రాలు, గాలిలో ఎగిరే గంధర్వులు. సుమారు 50 మీటర్ల వ్యాసమున్న ఆ కట్టడం ఎలా ఉండేదో పండితులు ఊహించగలుగుతున్నారంటే ఈ పలకల పుణ్యమే. భక్తితో చెక్కిన బొమ్మే చివరికి ఆ కట్టడానికి పటమైంది. మ్యూజియంలో అలాంటి పలక కనిపిస్తే తొందరపడకండి. ముందు కంచె వెతకండి, తర్వాత ఆయక స్తంభాలు లెక్కపెట్టండి. స్తూపం మీ కళ్లముందే లేస్తుంది.