అరుగు చాలదు

గడచిన ఆదివారము పత్తికొండలో జరిగిన యొక సభకు పోయితిని. వికలాంగుల సంక్షేమమును గూర్చి ప్రసంగింపవచ్చిన పెద్దమనిషి యొకరు, ఆటిజం గల బిడ్డల తలిదండ్రులకు అప్పుడప్పుడు విశ్రాంతి కల్పించు కేంద్రములు పాశ్చాత్యుల ఆచారమనియు, మన వీధి అరుగులును ఉమ్మడి కుటుంబములును ఉండగా వానితో మనకు పనిలేదనియు, కన్నతల్లికి బిడ్డ యెన్నడును బరువు కాజాలదనియు సెలవిచ్చి మిక్కుటముగా చప్పట్లు అందుకొనిరి. అరుగు పడగొట్టి ఇనుపగేటు పెట్టించినవారిని నేను నేటికిని క్షమింపలేదని ఈ శీర్షిక చదువువారందరు ఎరుగుదురు. కావున ఆ చప్పట్లలో నా చేతులును కలియవలసినవే. కలియలేదు. నా ప్రక్కన, పందొమ్మిదేండ్ల కుమారుని మణికట్టు పట్టుకొని కూర్చున్న తల్లి యొకతె, "బరువని ఎవురన్నారు సామీ, ఒగ రాత్రి నిద్దర అడిగితిమి గానీ" అని మెల్లగా అన్నది. మైకు కూతకు ఆ కుర్రవాడు చెవులు మూసికొని ఊగిపోవుచుండగా, సభ ముగియకమునుపే వానిని వెంటబెట్టుకొని ఆమె లేచిపోయెను.

మా బాల్యమున మా వీధిలో మాట రాని బాలుడొకడు ఉండెడివాడు. గిలకబావి యొద్ద కూర్చుండి గిలక తిరుగుటనే ప్రొద్దస్తమానము చూచెడివాడు. నీళ్లకు వచ్చిన స్త్రీలలో ఎవరైనను చేదను మారుచోట పెట్టినచో వీధి అదరునట్లు అరచి, దానిని తొంటిచోటికి చేర్చినగాని ఊరకుండెడివాడు కాడు. వానిని ఎరుగనివారు లేరు. బండి వచ్చిన ప్రక్కకు లాగువారొకరు, రొట్టెముక్క చేతిలో పెట్టువారొకరు, ప్రొద్దుగూకిన ఇంటికి పంపువారొకరు. అరుగుల మహిమను గూర్చి నేను వ్రాసిన వాక్యములకన్నిటికిని ఆ వీధియే ఆధారము. అయితే ప్రొద్దుగూకిన పిమ్మట తలుపు మూయబడెడిది. మూసిన తలుపునకు ఆవల జరుగునది అరుగునకు కనబడదు. వాడు అర్ధరాత్రి లేచి బావి దిక్కునకు పోకుండ, తన కొంగును వాని మొలత్రాటికి ముడివేసికొని తల్లి పరుండెడిదని మా అవ్వ చెప్పగా వింటిని. ఆ యమ్మ చెల్లెలి పెండ్లికి ఆదోనికి పోలేదు; తండ్రి మరణించినపుడు పోయి, ఆ సాయంకాలమే తిరిగి వచ్చెను. అదియు ఉమ్మడి కుటుంబమే. అత్తయు తోడికోడండ్రును మరదులును నిండుగా ఉన్న ఆ యింట, వాని పని మాత్రము వాని తల్లిదే.

పాత చరిత్ర మాట ఈ వారము ఎత్తనని ఇంట మాట యిచ్చితిని గాని, అలసినవారి విశ్రాంతిని గూర్చి చెప్పునపుడు మన్రో మాట ఎత్తక తప్పదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, తాను పూర్వము కలెక్టరుగా పాలించిన దత్తమండలములను కడసారి చూచి ఇంగ్లండునకు మరలవలెనని పర్యటించుచు, 1827 జూలై 6న ఈ పత్తికొండయందే కలరా సోకి మరణించెను. ఆయన స్మృత్యర్థము ప్రభుత్వమువారు ఇచ్చట ఒక చెట్లతోపును రాతిమెట్ల బావిని ఏర్పరచిరి. బాటసారికి నీడయు నీరును ఇచ్చుటకన్న ఈ ఎండలసీమలో వేరు స్మారకమేల? ఆనాటి బాటల వెంబడి సత్రములును ఉండెడివి. బాటసారి మూట దించి నడుము వాల్చినపుడు, నీకు నడకపై ప్రీతి లేదా యని వానిని నిలదీసినవాడు లేడు. సత్రమునకు ఇనాము భూమి ఉండెడిది. వంటవాడును, లెక్క వ్రాయువాడును, ఇన్ని దినములకు మించి ఉండరాదను కట్టుబాటును ఉండెడివి. అలసినవానికి విశ్రాంతి నిచ్చుట ఇరుగుపొరుగువారి దయకు వదలివేయబడిన విషయము కాదు. అది ఆస్తితో, జీతముతో, నియమముతో నడచిన వ్యవస్థ. మన సంప్రదాయమని ఆ పెద్దమనిషి అరుగును చూపిరి, సత్రమును మరచిరి.

చట్టము మరువలేదు. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజం పేరు లేదు గాని, 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున చేరినది; 2016 నాటి చట్టము దానిని 21 వైకల్యములలో ఒకటిగా గుర్తించి, అధిక సహాయము అవసరమగువారికి సంరక్షకుని భత్యమును గూర్చియు పలికినది. ట్రస్టు పథకములలో పదేండ్లు దాటినవారి పగటి కేంద్రమునకు 'వికాస్' అనియు, కుటుంబమునకు కొన్నాళ్లు విరామము దొరకుటకై బిడ్డను ఉంచుకొను వసతికి 'సమర్థ్' అనియు, లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమును భరించు బీమాకు 'నిరామయ' అనియు పేర్లు. కాగితముపై లోటు లేదు. మండలమున కంటికి కనబడునది భవిత కేంద్రము. సమగ్ర శిక్ష క్రింద నడచు ఆ కేంద్రము బడియీడు బిడ్డలది, పదునెనిమిది నిండినవానికి అది లేదు. వైకల్యమును తెలుపు సదరం ధ్రువపత్రము గలవారికి పింఛను 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయలైనది. మంచిదే, కాని డబ్బు రాత్రి మేలుకొని కాపలా ఉండదు.

తల్లికి బదులుగా బిడ్డను సాకుట చేతనైనవారు చేయవలసిన పని. ఆటిజం గలవానికి మార్పే మొదటి భయము కనుక, కొత్తయింట విడిచి బస్సెక్కినచో విశ్రాంతి కాదు, ఉపద్రవము కలుగును. సాకబోవు మనిషి మొదట తల్లి సమక్షముననే ఒక గంట కూర్చుండవలెను; తరువాత తల్లి సంతకు పోయివచ్చునంతసేపు; తరువాత ఒక పూట; రాత్రి మాట ఆ పిమ్మట. ఏ పళ్లెములో తినును, కుక్కరు కూతకు ఏమి చేయును, కరెంటు పోయి ఫ్యాను ఆగినపుడు ఎట్లు ఊరడిల్లును అనునవి వ్రాసిపెట్టిన పుస్తకముండవలెను. రేపు జరుగబోవునది నోటితో చెప్పినచో చాలనివానికి బొమ్మల పట్టిక గోడపై నుండవలెను. మనిషి నెలనెలకు మారరాదు. మీసములు వచ్చిన కుమారునికి తల్లి స్నానము చేయించుటలోని ఇబ్బందిని, బహిష్టయిన కుమార్తెను ఎవరియొద్దను విడువలేని భయమును సభలలో ఎవరును పలుకరు. అందుచేతనే అక్కడ పురుషులును స్త్రీలును, ఇరువురును జీతముపై కావలెను. మరియొక సంగతి: పందొమ్మిదేండ్ల వానికి కూడ తల్లి కన్నుల నుండి కొంత విరామము అవసరమే. ఆ యీడు కుర్రవాండ్రందరు దానిని అడుగకయే తీసికొందురు.

ఈ పడమటి మండలముల నుండి కుటుంబములు ఏటేట సుగ్గికి గుంటూరు మిరపచేలకు తరలునపుడు, బిడ్డల చదువు చెడకుండ సీజనల్ హాస్టళ్లలో ఉంచు ఏర్పాటు ప్రభుత్వమే చేసినది. తలిదండ్రులు లేని నాళ్లలో బిడ్డను పరాయివారు సాకవచ్చునని ఈ జిల్లా ఎన్నడో అంగీకరించినది. ఆ అంగీకారము ఇట్టి కుర్రవానిదాక రాలేదు, అంతియే. వానిని తల్లి చేలోనికి వెంట తీసికొనిపోవును, లేదా చూపు మందగించిన జేజి యొద్ద విడిచిపోవును.

పత్తికొండ 2022లో రెవెన్యూ డివిజను కేంద్రమైనది. ఒక అద్దెయిల్లును, శిక్షణ పొందిన నలుగురు జీతగాండ్రను పోషింపలేనంత చిన్న ఊరు కాదు. 'సమర్థ్' సాయము కోరు సంస్థ మొదట నేషనల్ ట్రస్టులో రిజిస్టరు కావలెను. పాఠకులలో సంఘములు నడుపువారు ఆ దరఖాస్తు పని ఈ నెలలోనే మొదలుపెట్టుడు. సుగ్గికి బండ్లు కదలకమునుపే ఆ తల్లులను పిలిచి వారికేమి కావలెనో అడుగుడు. కాగితములు నింపుటకు తోడు కావలసినవారు ఈ పత్రిక కార్యాలయమునకు వ్రాసినచో, నేనే వచ్చి కూర్చుండి నింపిపెట్టుదును.