స్థూలకాయమునకు శస్త్రచికిత్స: స్వీడను లెక్కలు ఎంతవరకు నమ్మదగినవి?

మితిమీరిన స్థూలకాయము గలవారికి జఠరముపై శస్త్రచికిత్స చేయుట క్షేమమా, ఫలదాయకమా అను ప్రశ్న వచ్చినపుడెల్ల స్వీడను దేశపు పరిశోధన ఒకటి సాక్ష్యముగా చూపబడుచుండును. లార్స్ షోస్ట్రోమ్ నాయకత్వమున 1987లో ప్రారంభమైన ఈ పనిలో 2010 మంది శస్త్రచికిత్స చేయించుకొనిరి; 2037 మంది మామూలు వైద్యముతోనే ఉండిరి. సగటున సుమారు 11 ఏండ్లలో మొదటి వర్గమున 101 మంది, రెండవ వర్గమున 129 మంది మరణించినట్లు 2007లో ప్రకటించిరి. శస్త్రచికిత్స ఆయువును పెంచునని పలువురు నిశ్చయించుకొనిరి.

ఇక్కడ విద్యార్థి ఒక ప్రశ్న అడుగవలెను. ఈ రెండు వర్గములను విడదీసినది ఎవరు? చీటీలు వేసి విడదీసినచో రెండు ప్రక్కలను ఒకే విధమైన మనుష్యులు ఉందురు. ఇచ్చట రోగులే తమ దారిని ఎంచుకొనిరి. 1980 ప్రాంతమున ఇట్టి చికిత్సలో మరణములు ఎక్కువగా ఉన్నందున చీటీల పద్ధతికి నైతిక సంఘములు ఒప్పుకొనలేదు. అది న్యాయమే గాని, ఋజువులో లోటు లోటే. శస్త్రచికిత్సకు సిద్ధపడినవారు ఆరోగ్యముపై సహజముగానే ఎక్కువ శ్రద్ధ గలవారేమో! శ్రద్ధను తూచుటకు త్రాసు లేదు.

అయినను పరిశోధకుల పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. శస్త్రచికిత్స వర్గమువారు ఏడాదికి పైగా చిన్నవారైనను, బరువు వారిదే ఎక్కువ. పొగత్రాగువారు వారిలోనే ఎక్కువ. అట్లుండియు వారిలో మరణములు తగ్గుట విశేషము.

అపాయము లేకపోలేదు. మొదటి 90 దినములలో శస్త్రచికిత్స వర్గమున ఐదుగురు, రెండవ వర్గమున ఇద్దరు మరణించిరి. అనగా శస్త్రచికిత్స పొందిన నాలుగువందల మందిలో సుమారు ఒకరు. తగ్గిన బరువు కూడ పూర్తిగా నిలువలేదు. ఆహారమును ప్రేవులోనికి దగ్గరి దారిని మళ్ళించు పద్ధతిలో తొలుత 32 శాతము తగ్గినది, 10 ఏండ్లకు 25 శాతముగా తేలినది. 2020లో వెలువడిన లెక్కల ప్రకారము ఈ వర్గము రెండవ వర్గముకంటె 3 ఏండ్లు ఎక్కువ జీవించును. సామాన్య ప్రజలకంటె మాత్రము సుమారు ఐదున్నర ఏండ్లు తక్కువ. మొదటి సంఖ్యను మాత్రమే వినిపించుట రోగికి అన్యాయము.

అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి. ఆ 2010 మందిలో మూడింట రెండు వంతులవారికి జఠరమును నిలువుగా కుట్టి పట్టీ బిగించిరి. ఆ పద్ధతిని వైద్యులు నేడు దాదాపు విడిచిపెట్టిరి. ఇప్పుడు ఎక్కువగా చేయునది జఠరములో అధికభాగమును కోసివేసి, సన్నని గొట్టమువలె మిగుల్చుట. పాత పద్ధతి లెక్కలను చూపి, నేటి పద్ధతి 20 ఏండ్ల పిమ్మట ఇట్లే ఉండునని రోగికి మాట ఇచ్చుటకు వీలులేదు.