స్ఫటికం చేయలేకపోయిన పని

కుందేలు నెల రోజులకు ఈనుతుంది. పందొమ్మిదో రోజున దాని పిండం చిటికెనవేలంత కూడా ఉండదు. ఆ పిండం పొట్ట కోసి, బీజకోశాలు రెండూ తీసేసి, తిరిగి తల్లి కడుపులోనే పెరగనివ్వాలి. పిండం చావకూడదు, తల్లి ఈసుకుపోకూడదు. ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పని చేసి, 1947లో ఫలితాలు ప్రకటించాడు. జీవశాస్త్రంలో ఇంత పనితనం ఉన్న ప్రయోగాలు నాకు అరుదుగా కనిపించాయి.

మొదట్లో ప్రతి పిండంలోనూ రెండు జతల నాళాలుంటాయి. వోల్ఫ్ నాళాలు మగపిల్లలో వీర్యనాళాలవుతాయి. ముల్లర్ నాళాలు ఆడపిల్లలో గర్భసంచి అవుతాయి. అక్కర్లేని జత కరిగిపోతుంది. ఏది ఉండాలో, ఏది పోవాలో చెప్పేదెవరు? కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య తరచూ గొడ్డుపోతుందని రైతులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ కోడె రక్తంలోని హార్మోన్లే కారణమని అమెరికాలో ఫ్రాంక్ లిల్లీ 1910ల్లోనే ఊహించాడు. దానికి నేరుగా రుజువు చూపడమే మిగిలింది.

కోతతో ఆ రుజువు దొరికింది. వృషణాలు తీసేసిన మగపిండంలో ఆడనాళాలు పెరిగాయి, మగనాళాలు కరిగిపోయాయి. అండాశయాలు తీసేసిన ఆడపిండం మాత్రం ఆడపిండంగానే పెరిగింది. ఈ రెండో కోత లేకపోతే మొదటిదానికి అర్థమే ఉండేది కాదు. ఆడ శరీర నిర్మాణానికి అండాశయం ఆజ్ఞ అవసరం లేదని దానివల్లే తేలింది. రోజుల లెక్క కూడా ముఖ్యమే: ఇరవైనాలుగో రోజున కోస్తే మగపిండంలో మార్పు దాదాపు ఏమీ ఉండదు, అప్పటికే పని ముగిసిపోతుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి అడుగు. ఆడపిండంలో ఒక అండాశయం పక్కన వృషణపు ముక్కను అతికించాడు. ఆ వైపు ముల్లర్ నాళం కరిగిపోయింది, వోల్ఫ్ నాళం నిలిచింది. దూరంగా ఉన్న రెండో వైపు పెద్దగా మారలేదు. ఒకే ఒంట్లో కుడి, ఎడమలను పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు కల్పించాడన్నమాట. వేరే పిండంతో పోల్చితే వయసు తేడా, బలం తేడా అని ఎవరైనా సందేహించవచ్చు. ఇక్కడ ఆ సందులన్నీ మూసుకుపోయాయి.

ఆ ముక్క స్థానంలో టెస్టోస్టెరాన్ ప్రొపియొనేట్ స్ఫటికం పెట్టాడు. మగనాళం నిలిచింది. ఆడనాళం మాత్రం చెక్కుచెదరలేదు! ఇంకొకరైతే మోతాదు చాలలేదని సరిపెట్టుకునేవారేమో. జోస్ట్ ఆ లోటును లోటుగానే చూశాడు. మగనాళాన్ని నిలిపేది టెస్టోస్టెరాన్ అయితే, ఆడనాళాన్ని కరిగించేది వృషణం నుంచే వచ్చే మరో పదార్థమని తేల్చి చెప్పాడు. ఆ పదార్థాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు.

ఆయన శిష్యురాలు నతాలీ జోసో దాని వెంటపడి ఏళ్లతరబడి పనిచేసింది. 1986లో మనిషిలో ఆ పదార్థాన్ని తయారుచేయించే జన్యువు వివరం బయటపడింది. ఇవాళ హైదరాబాద్, విజయవాడ సంతాన సాఫల్య కేంద్రాల్లో మహిళలకు అండాల నిల్వ అంచనా వేయడానికి రాసే ఏఎంహెచ్ (యాంటీ-ముల్లేరియన్ హార్మోన్) పరీక్ష కొలిచేది ఆ పదార్థాన్నే. తర్వాతి దశలో అండాశయం కూడా దాన్ని తయారుచేస్తుంది.