పొయ్యికి తగ్గ గొట్టం

అమెరికా ఈశాన్యాన వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల్లో చలికాలమంతా కట్టెల స్టవ్ మీదే గడిపే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇది వంట పొయ్యి కాదు, ముందుగదిలో ఓ పక్కన నిలబెట్టి ఇల్లు కాచుకునే ఇనప పెట్టె. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇవి విరివిగా వచ్చాయి, అప్పటివి కొన్ని ఇంకా మండుతూనే ఉన్నాయి. ఇటుక చిమ్నీలో మట్టి టైళ్లు పగిలాయి, స్టీలు లైనర్ దించాలి అని కబురు పెడితే, పని తెలిసిన మేస్త్రి నిచ్చెన వేయకముందే స్టవ్ దగ్గర కూర్చుని దాని మెడ, అంటే పొగగొట్టం తగిలించే చోటు, కొలుస్తాడు.

ఆ కొలతలోనే సగం పని ఉంది. పాత పెద్ద స్టవ్‌లకు 8 అంగుళాల మెడ ఉండేది. ఇప్పటివాటికి ఎక్కువగా 6 అంగుళాలే. పాత స్టవ్ కోసం 8 అంగుళాల లైనర్ వేసి, రెండేళ్లకు స్టవ్ మారిస్తే లైనర్ డబ్బు వృథా. అందుకే లైనర్ మాట వచ్చినప్పుడే స్టవ్ మాట కూడా తేల్చుకోమంటాడు.

కొత్త స్టవ్ స్వభావమే వేరు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1988లో తొలిసారి స్టవ్‌ల పొగకు హద్దు పెట్టింది. 2020 నుంచి గంటకు 2 గ్రాములకు మించి మసి వదిలే స్టవ్ అమ్మకూడదు, దుంగలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. దీనికోసం చాలా స్టవ్‌లలో మంట పైన చిల్లుల గొట్టాలు పెడతారు. వాటిలోంచి వచ్చే వేడిగాలి తగిలి పొగ మళ్లీ మండుతుంది. వేడి చాలావరకు గదికే దక్కుతుంది, చిమ్నీకి తక్కువ మిగులుతుంది. 6 అంగుళాల మెడ వైశాల్యం 28 చదరపు అంగుళాలు. పాత చిమ్నీలోని 8-12 అంగుళాల టైలు లోపలి ఖాళీ అంతకు రెండింతల పైమాటే. ఆ విశాలంలో పొగ నెమ్మదించి చల్లారుతుంది. వేడి 120 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతే అందులోని తారు ఆవిరి గోడకు పడుతుంది. అదే క్రియోసోట్. అంటుకుందంటే చిమ్నీలో వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది.

కాబట్టి లైనర్ సన్నగానూ ఉండాలి, వెచ్చగానూ ఉండాలి. దాని చుట్టూ అరంగుళం మందం సిరామిక్ పీచు దుప్పటి చుట్టి, ఇటుకలకు రాసుకుని చిరగకుండా పైన స్టీలు జాలీ తొడుగుతారు. రెండు పక్కలా అరంగుళం కలిస్తే 6 కాస్తా 7 దాటుతుంది. 8 అంగుళాలని పేరే గానీ టైలు లోపలి వెడల్పు అంత లేదు, లైనర్ పట్టదు. అందుకే ముందు మసి దులిపి, డ్రిల్లు కడ్డీకి బిగించిన పనిముట్టుతో పైనుంచి టైళ్లు పగలగొట్టుకుంటూ దిగుతారు. టైలు పగలాలి, దాని వెనక ఇటుక కదలకూడదు. ఆ ఒడుపు చేతికి రావాల్సిందే.

లైనర్ దించడం ఇద్దరి పని. కప్పు మీద ఒకరు వదులుతుంటే, కొసకు కట్టిన తాడును కింద ఒకరు లాగుతారు. చివర టి ఆకారపు ముక్క సరిగ్గా స్టవ్ గొట్టం చిమ్నీలో కలిసే గోడ రంధ్రానికి ఎదురుగా ఆగాలి. రంధ్రంలోంచి చెయ్యి పోనిచ్చి, తడుముకుంటూ పట్టీ బిగిస్తారు.

గదిలో కనబడే గొట్టం అతుకుల దగ్గర మేస్త్రి ఎవరో తెలిసిపోతుంది. ప్రతి ముక్కకూ ఒక కొస ముడతలు పెట్టి సన్నంగా ఉంటుంది. పొగ పోయేది పైకి కదా అని కొత్తవాడు ఆ కొసను పైకి తిప్పుతాడు. తెలిసినవాడు కిందికి, స్టవ్ వైపుకి తిప్పుతాడు. ఎందుకంటే పొగ పైకి పోయినా తారు కిందికే జారుతుంది. సన్న కొస కిందికుంటే ఆ తారు గొట్టం లోపలే దిగి స్టవ్‌లో పడి కాలిపోతుంది. తిరగేస్తే అతుకులోంచి బయటికి కారి, గొట్టం మీద నల్లటి చారలు కడుతుంది.

ఈ పనిలో ముప్పాతిక భాగం ఇటుకల మధ్య దాగిపోతుంది, మెచ్చుకోవడానికి కంటికి కనబడదు. మరుసటి ఏడాది చిమ్నీ శుభ్రం చేసినప్పుడే దాని లెక్క తేలుతుంది. బ్రష్‌కు పొడిపొడిగా కాస్త మసి వస్తే పని కుదిరినట్టు. గాజులా మెరిసే నల్లటి పెచ్చు పట్టి ఉంటే మాత్రం, మేస్త్రిని అనేముందు కట్టెల తేమ చూసుకోవాలి. అది 20 శాతం దాటితే ఎంత మంచి లైనరైనా తారు పట్టక మానదు.