మంచు కోసం వచ్చినవాళ్ళు రాసిన లంబసింగి

కొయ్యూరులో కూర్చుని లంబసింగి మీద వచ్చిన యాత్రా వ్యాసాలు వరసపెట్టి చదివాను. అన్నిటిదీ ఒకటే దారి. అర్ధరాత్రి నర్సీపట్నం దాటడం, తెల్లారకముందే ఘాట్ ఎక్కడం, పొగమంచు, వేడి టీ, తాజంగి జలాశయం దగ్గర నాలుగు ఫొటోలు, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. ఇంత హడావిడిలో మనుషులెక్కడ కనిపిస్తారు? కనిపించినా 'అమాయక గిరిజన స్త్రీ'గానే. ఆమెకి పేరుండదు, మాటుండదు. జనవరి ఆదివారాల్లో రోడ్డంతా కార్లే అయితే నెత్తిన మూటతో ఆమె ఎటు నడవాలో ఒక్కరూ అడగరు.

అందరూ మురిసిపోయే పేరు 'ఆంధ్రా కాశ్మీర్'. స్థానికులకది కొర్రబయలు. బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతారని. ఒకటి చలిని చూడ్డానికొచ్చినవాళ్ళు పెట్టిన పేరు, రెండోది చలిలో బతికేవాళ్ళది. అసలు కాశ్మీరు మీద నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' పేరుతో ఒక పుస్తకమే రాశారు. మనవాళ్ళకి ఒక పూట చాలు!

నిదానం అంటే రిసార్టులో ఇంకో రాత్రి ఉండమని కాదు. ఆ రోడ్డు ఎవరు వేశారో తెలుసుకునేంత నిదానం. నర్సీపట్నం-లంబసింగి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ సరిగ్గా కూలివ్వకుండా చేయించిన చాకిరీ 1922 మన్యం తిరుగుబాటు కారణాల్లో ఒకటి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపింది మా కొయ్యూరులోనే. కొయ్యూరు గురించి రాసే కొద్దిమందీ ఆయన దగ్గరే ఆగిపోతారు. ఆ రెండేళ్ళూ పోలీసుల మధ్య ఇళ్ళు నడిపిన ఆడవాళ్ళ ఊసు ఒక్క వాక్యంలోనూ లేదు.

పల్లెవెలుగు బస్సులో, సంతకెళ్ళే ఆడవాళ్ళ పక్కన కూర్చుని వచ్చి రాసిన వ్యాసం మాత్రం నాకింకా దొరకలేదు.