అట్లాంటిక్ దాటించిన సంపాదకుడు
1997లో లండన్‌లో వెలువడిన తొలి హ్యారీ పాటర్ నవలను మరుసటి ఏడాది అమెరికా పిల్లలకు అందించిన స్కొలాస్టిక్ సంపాదకుడు ఆర్థర్ లెవిన్ పనితనమంటే నాకెంతో గౌరవం. బ్రిటన్‌లో ‘జంపర్’ అంటే ఊలు స్వెట్టర్. అమెరికాలో ఆడపిల్లలు చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని గౌను. అలాగే వదిలేస్తే, హ్యారీ స్నేహితుడు రాన్‌కు వాళ్లమ్మ అల్లిచ్చిన స్వెట్టర్ అక్కడి పిల్లల ఊహలో గౌనైపోయేది! ఇలాంటివి రచయిత్రి రౌలింగ్‌తో మాట్లాడే మార్చారు. స్పెల్లింగులను అమెరికా పద్ధతికి మార్చడం సరే, అది మామూలే. పుస్తకం పేరులోని ‘ఫిలాసఫర్’ను ‘సోర్సరర్’ చేయడం మాత్రం నాకు నచ్చలేదు. ‘ఫిలాసఫర్స్ స్టోన్’ అంటే పరుసవేది; దానికోసం శతాబ్దాలు తపించిన రసవాదుల చరిత్ర అందులోంచి జారిపోయింది. అయితే ఏది ముట్టుకోకూడదో కూడా ఆయనకు బాగా తెలుసు. కోటలో బడి, విద్యార్థి బృందాల మధ్య పోటీలు, క్రిస్మస్ విందు, అన్నింటినీ బ్రిటిష్‌విగానే ఉండనిచ్చారు.